ఒక్క ఏనుగుతో ఆట కట్టు

నాకు గర్వం ఎక్కువని మా ఆవిడ అంటూంటుంది. ఎక్కువే, కాదనను. బడిపంతులికి అది కూడా లేకపోతే ఇంకేం మిగులుతుందండీ? నా గర్వాలన్నిట్లోకీ పెద్దది ఒకటుంది. చదరంగాన్ని చివరినించి మొదటికి నేర్పిన మాస్టరు రాజోలు తాలూకాలో నాకు ముందు ఇంకొకడు లేడు. ఎవరైనా ఉన్నాడంటే తీసుకురండి, బల్ల వేసుకుని కూచుందాం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. తాటిపాకకి కాస్త ఇవతల, కాలవ గట్టు మీద తాటాకుల బడి నాది. ముప్పైమంది పిల్లలు, అయిదు తరగతులు, మాస్టర్ని నేనొక్కణ్ణే. ఊళ్ళో చదరంగానికి లోటు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి బడి కమిటీ ప్రెసిడెంటుగారి అరుగు మీద పెద్దలంతా చేరేవారు. ప్రెసిడెంటుగారికి వరి చేలూ కొబ్బరి తోటలూ బోలెడు. అరవై దాటిన మనిషి. చదరంగంలో ఆయన్ని మించినవారు చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేరు. ఆయన చెయ్యి గుర్రం మీద పడిందంటే ఎదుటివాడి గుండె జారిపోవాల్సిందే.

కానీ ఆ అరుగు మీద ఒక విచిత్రమైన ఆచారం ఉండేది. ఒకరి బలగమంతా పోయి రాజు ఒక్కడే మిగిలితే అక్కడితో ఆట ఆపేసేవారు. "ఒంటి రాజండి, ఇంక చాలండి" అనేవారు ఓడినాయన. "ఆయ్, చాలండి" అనేవారు గెలిచినాయన. చుట్టలు వెలిగించుకునేవారు. ఒంటివాణ్ణి పట్టుకుని తరమడం మర్యాద కాదట! మా వైపు మర్యాద సంగతి మీకు తెలిసిందే కదా, వద్దు మొర్రో అన్నా విస్తట్లో ఇంకో గరిటె పడాల్సిందే. ఆ మర్యాద బల్ల మీదకీ ఎక్కింది. దాంతో ఏమైందంటే, తాతల నాటినించీ ఆడుతున్న ఊళ్ళో ఒంటి రాజుని పట్టి ఆట కట్టించడం ఒక్కరికీ రాదు. రాదన్న సంగతి కూడా తెలీదు. ఆరంభశూరులని మనల్ని ఊరికే అన్నారా!

మరి నాకెలా తెలిసింది? యుద్ధం రోజుల్లో రాజమండ్రిలో ట్రెయినింగు చదివేను. నా పక్క గదిలో రంగూను నించి నడిచొచ్చిన గుమాస్తా ఒకాయన ఉండేవారు. బాంబులు పడుతుంటే ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చేరు గానీ చదరంగం పెట్టె మాత్రం వదల్లేదు. ఒక ఆదివారం ఆయన్ని ఒంటి రాజు దాకా తెచ్చేను. నా దగ్గర నా రాజూ, ఒక ఏనుగూ ఉన్నాయి. ఊరి అలవాటు కొద్దీ "చాలండి" అన్నాను. "ఏం చాలు? పట్టుకో" అన్నారాయన. గంటసేపు తరిమేను. ఆ రాజు నన్ను బల్లంతా తిప్పేడు గానీ చిక్కలేదు. ఆయన బల్ల అటు తిప్పి, అదే ఏనుగుతో, నవ్వుతూ, చుట్ట కాలేలోగా నన్ను మూలకి తోసి కట్టేరు. "అబ్బాయ్, పట్టుకోడం రానివాడికి ఆట రానట్టే" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయేను. ఆ నెలంతా పాఠాలు మానేసి అదే నేర్చుకున్నాను.

బడిలో పిల్లలకి నేర్పుదామనుకున్నప్పుడు నాకున్నది ఒక్కటే పెట్టె. ముప్పైమందికి ఒక్క పెట్టె ఎలా సరిపోతుంది? అప్పుడు తట్టింది. ఆట మొదటినించి నేర్పితే ఒక్కొక్క జట్టుకీ ముప్పైరెండు కాయలు కావాలి. చివరినించి నేర్పితే మూడే చాలు! ఒంటి రాజుకి కుంకుడుకాయ, మన రాజుకి గచ్చకాయ, ఏనుగుకి చింతపిక్క. ఆడపిల్లలు ముగ్గుపిండితో మట్టి నేల మీద అరవైనాలుగు గళ్ళు గీసేవారు. శనివారం మధ్యాహ్నం మా బడి చూస్తే సంక్రాంతి ముగ్గుల్లో పిల్లలు కూలబడ్డట్టుండేది. నాకు నేనే భుజం తట్టుకున్నాను, ఏమనుకున్నారు మరి!

పాఠం నా సొంతం. పుస్తకమూ లేదు, పాడూ లేదు. "ఒరేయ్, దూడ చేలో పడితే దాని వెనకాల పరిగెడతారా?" అనడిగేవాణ్ణి. "లేదండి, దారి కడతామండి" అనేవారు. "ఏనుగంటే అదే. ఏనుగు నిలబడ్డ వరస ఒక గట్టు. దాన్ని దాటి ఒంటి రాజు రాలేడు. గట్టు ఒక్కొక్క వరసే ముందుకి జరుపుకుంటూ పోయి వాణ్ణి బల్ల అంచుకి తొయ్యండి." ఇది మొదటి పాఠం.

రెండోది చేలగట్టు పాఠం. ఇద్దరు పిల్లల్ని లేపి, నేల మీద సన్నగా గీత గీసి, ఎదురెదురుగా నిలబెట్టేవాణ్ణి. "ఇది చేలగట్టు. మధ్య ఒక్క అడుగే ఉంది. ఎవడి వంతు వస్తే వాడు కదిలి తీరాలి. కదిలినవాడు బురదలో దిగుతాడు. ఒంటి రాజు ఎప్పుడూ తన వంతు ఎలా తప్పించుకుందామా అని చూస్తాడు. నువ్వేం చెయ్యాలి? కంగారు పడకుండా ఏనుగుని ఒక్క గడి పక్కకి జరిపి ఊరుకో. గట్టు గట్టుగానే ఉంటుంది, వంతు వాడి నెత్తిన పడుతుంది. వాడు కదిలి నీ రాజుకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడా, అప్పుడు ఏనుగుతో దెబ్బ కొట్టు, ఆట కట్టు." మూడో పాఠం, రాజు మూలకి చేరినప్పుడు ఏనుగుని తీసుకెళ్ళి వాడి పక్కన ఐమూలగా పెట్టొద్దని. అలా పెడితే రాజుకి దెబ్బా తగలదు, కదలడానికి చోటూ ఉండదు. ఆట చెడిపోతుంది, గెలుపు పోతుంది.

పాఠం ఎంత బాగుందో చూసేరు కదా. చెప్పే మనిషే బాగుండేవాడు కాదు. నాకు కోపం ముక్కు మీద ఉండేది. పిల్లాడు తప్పు చేస్తే సుద్దముక్క వెళ్ళి వాడి నుదుటి మీద పడేది. చెవులు మెలిపెట్టేవాణ్ణి. వెధవాయ్, శుంఠా, ఇవన్నీ నాకు ఆవలింతల్లా వచ్చేసేవి.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవాడు. వాళ్ళమ్మ కొబ్బరి పీచు తాళ్ళు పేనేది. బడి అవగానే ఈ పిల్ల తల్లితో పాటు తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ పేనేది. ఒక్కొక్క అడుగే వెనక్కి. చదువులో మాత్రం మహా మందం. ఏడో ఎక్కం ఎత్తుకుంటే ఏడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయేది. ప్రతిసారీ అక్కడే. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయి "నీది బుర్ర కాదే, మట్టి! మట్టిబుర్ర!" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వేరు. అంతే, పేరు అంటుకుపోయింది. ఊళ్ళో వాళ్ళు ఆ పేరుతోనే పిలిచేవారు. నీళ్ళ రేవులో ఆడవాళ్ళూ అదే అనేవారు. ఆఖరికి వాళ్ళమ్మ కూడా పిల్లని అన్నానికి పిలిచేటప్పుడు ఆ పేరే పెట్టి పిలవగా నేను విన్నాను. వినీ నాకేం బాధ కలగలేదు. ఆ మాట ఒప్పుకోకపోతే ఈ కథంతా చెప్పడం దండగ.

చదరంగం పాఠంలోనూ అందరికన్నా వెనక ఆ పిల్లే. అందరూ మూడు ఆటలు కట్టేసరికి అది ఒక్క ఆటే ఆడేది. తలొంచుకుని కుంకుడుకాయ వంక చూస్తూ కూచునేది. నేను దాని ముగ్గు దగ్గరికి వెళ్ళడమే మానేసేను.

ఇలా సాగుతుండగా ఊళ్ళో గుసగుసలు బయల్దేరేయి. మాస్టరు పిల్లలకి జూదం నేర్పుతున్నాడని, పేకాటకి చదరంగం అన్నగారని. ప్రెసిడెంటుగారు కబురు పెట్టేరు. వెళ్ళేను.

"ఏమండీ మాస్టారూ, ఒంటి రాజుని ఏనుగుతో పట్టడం నేర్పుతున్నారటండీ?"

"ఆయ్, అవునండి."

"నలభై ఏళ్ళనించి ఆడుతున్నానండి. ఒక్క ఏనుగుతో రాజుని కట్టడం ఎవరి తరమూ కాదండి. లేనిదాన్ని పిల్లలకి నేర్పుతున్నారంటే అది చదువెలా అవుతుందండి?"

ఎంత మర్యాదగా అన్నారో చూడండి! అన్ని 'అండీ'లు పెట్టి చెంప పగలగొట్టేరు. నాకు అగ్గి మీద గుగ్గిలం పడ్డట్టయింది. "మీతో నేనెందుకండీ, మా పిల్లలు కడతారు, మీ రాజుని" అనేసేను. నోటి నించి దాటిపోయింది. అరుగు మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

ఆయన నవ్వలేదు. షరతు పెట్టేరు. ఆదివారం మధ్యాహ్నం ఇదే అరుగు మీద. ఒంటి రాజు ఆయనది, ఇంకో రాజూ ఏనుగూ పిల్లలవి. ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరికీ ఇరవై ఎత్తులు. ముగ్గురిలో ఏ ఒక్కరు కట్టినా శనివారం పాఠం కొనసాగుతుంది, పైగా బడికి ఇంకో పెట్టె ఆయనే తెప్పిస్తారు. ఎవరూ కట్టలేకపోతే నా పెట్టె ఆయన భోషాణంలోకి పోతుంది, బడిలో మళ్ళీ చదరంగం మాట ఎత్తకూడదు. "ఇద్దర్ని మీరు పంపండి, మూడోవారిని నేను పిలుస్తానండి" అని చివర్లో చిన్న మెలిక పెట్టేరు. కోపంలో ఉన్నాను కదా, దానికీ "ఆయ్" అన్నాను.

సంగతి చెప్పగానే పిల్లల మొహాలు పాలిపోయేయి. "పెట్టె ఇచ్చేస్తారా మాస్టారండీ?" అని రెండో తరగతి బుడత ఒకడు ఏడుపు మొహం పెట్టేడు. అప్పటికి గానీ నాకు తెలీలేదు, ఆ శనివారాల కోసం వాళ్ళు వారమంతా ఎదురుచూస్తారని. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆ వారం రోజులూ తోమేను వాళ్ళని.

ఆదివారం అరుగు కిటకిటలాడింది. పెద్దలు పైన, కూలీనాలీ జనం కింద వాకిట్లో. దింపు తీసే ఆయన, ఆ పిల్ల తండ్రి, కొబ్బరి చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎత్తులు లెక్కపెట్టడానికి కరణంగారు కూచున్నారు.

మొదట నా క్లాసులో మొదటివాణ్ణి పంపేను. గడగడా ఆడేడు. ఎనిమిది ఎత్తుల్లో రాజుని అంచుకి తోసేడు. నేను మీసం దువ్వుకున్నాను. ప్రెసిడెంటుగారు రాజుని మెల్లిగా మూలకి జరిపేరు. వీడు ఉత్సాహం పట్టలేక ఏనుగుని తీసుకెళ్ళి ఆ రాజు పక్కనే టక్కున పెట్టేడు. అంతే. రాజు దెబ్బలో లేడు, కదలడానికి గడీ లేదు. "చెడిందండి" అన్నారాయన, పొగాకు నలుపుకుంటూ. నేను వద్దన్న మూడో పాఠమే అది!

రెండోవాడు దానికి భయపడి మూల దగ్గరికే పోలేదు. రాజు వెనకాల ఏనుగుని తిప్పుతూనే ఉన్నాడు. కరణంగారు "ఇరవై" అన్నారు. వాడు వెక్కి వెక్కి ఏడుస్తూ దిగిపోయేడు.

ప్రెసిడెంటుగారు లేచి వాకిట్లోకి చూసేరు. పిల్లలంతా ఒక గుంపుగా నిలబడ్డారు. అందరి వెనకాల, పీచు అంటుకున్న పరికిణీతో ఆ పిల్ల. "ఆ మట్టిబుర్రని పంపండి" అన్నారు. జనం నవ్వేరు. నా పై ప్రాణాలు పైనే పోయేయి. పెట్టె పోయినట్టే అనుకున్నాను.

ఆ పిల్ల అరుగు ఎక్కలేదు. కిందనే నిలబడి, అరుగు అంచు మీద బల్ల పెడితే, చెయ్యి చాపి ఆడింది. మొదటి ఎత్తుకే ఎంతసేపు ఆలోచించిందంటే కరణంగారు కునికిపాట్లు పడ్డారు. ఏనుగుతో గట్టు వేసింది. రాజుని ఒక్కొక్క గడే నడిపింది. గట్టు ఒక వరస జరిపింది. మళ్ళీ రాజుని నడిపింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా తప్పూ లేదు. జనం నవ్వడం మానేసేరు. పదిహేడో ఎత్తుకి ప్రెసిడెంటుగారి రాజు బల్ల చివరి వరసలో, మూలకి ఒక్క గడి ఇవతల ఉన్నాడు. దాని ముందు వరసంతా ఏనుగు కాపలా కాస్తోంది. ఈ పిల్ల రాజు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇంక మూడే ఎత్తులు మిగిలేయి.

పద్దెనిమిదో ఎత్తు. ఆ పిల్ల ఏనుగుని పట్టుకుంది, అదే వరసలో ఒక్క గడి పక్కకి జరిపింది, చెయ్యి తీసేసింది. రాజుని బెదిరించలేదు, ఏమీ లేదు.

"ఓసి మట్టిబుర్రా! ఎత్తు దండగ చేసేవు కదే!" అని అరిచేను. అంత జనంలో, దాని తండ్రి ముందు. ఆయన తల దించుకున్నాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు.

ప్రెసిడెంటుగారు రాజుని మూలకి జరిపేరు. కుర్రాణ్ణి ముంచిన మూలే అది. పెదవి చివర చిన్న నవ్వు. ఏనుగు వచ్చి పక్కన కూచుంటే చాలు, ఆట చెడుతుంది.

పిల్ల చెయ్యి ఏనుగు వైపు పోలేదు. తన రాజుని ఒక్క గడి జరిపింది. "పంతొమ్మిది" అన్నారు కరణంగారు. ప్రెసిడెంటుగారు బల్ల వంక చూసేరు. ఉన్నది ఒక్కటే గడి, ఇందాకటి గడే. కదలక తప్పదు. కదిలేరు. రాజులిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్య ఒక్క గడి. అప్పుడు ఆ పిల్ల ఏనుగుని చివరి వరసలోకి తోసింది.

"ఆట కట్టండి, అయ్యగారండీ" అంది, వినీ వినపడకుండా.

ప్రెసిడెంటుగారు రాజు చుట్టూ ఉన్న ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూసుకున్నారు. అయిదు గళ్ళూ చూసేరు. "ఇరవై" అన్నారు కరణంగారు, అప్పుడు గుర్తొచ్చినట్టు. ఒక్కసారిగా వాకిలి హోరెత్తిపోయింది. పిల్లలు గెంతుతున్నారు. నేనేం చేసేనో నాకే తెలీదు, ఉత్తరీయం గాల్లోకి విసిరేనని తరవాత చెప్పేరు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు! నా బడి, నా పాఠం, నా పిల్ల! గర్వంతో నా రొమ్ము పగిలిపోతుందేమో అనిపించింది.

"మరి పద్దెనిమిదో ఎత్తు ఎందుకలా వేసేవే?" అన్నాను, ఎగశ్వాసతో.

"వంతు ఆయన మీద పడాలండి. ఒక్క గడి జరిపి ఊరుకోమని మీరే చెప్పేరు కదండీ."

నేనే చెప్పేను. చెప్పినవాడికే గుర్తు రాలేదు.

ప్రెసిడెంటుగారు పెద్దమనిషి, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. పక్కకి జరిగి అరుగు మీద చోటు చేసేరు. "ఇలా పైకి రా అమ్మా. నాకు చూపించు ఎలాగో" అన్నారు. పిల్ల తండ్రి వంక చూసింది. ఆయన తలూపేడు. అరుగు చివర ముడుచుకుని కూచుంది. నలభై ఏళ్ళ ఆటగాడు ఏనుగు పట్టుకున్నారు, పిల్ల ఒంటి రాజు పట్టుకుంది. ఆడి ఆడి, మూలకి తెచ్చి, చివరికి ఏనుగుని తీసుకెళ్ళి రాజు పక్కనే పెట్టేరు. కుర్రాడు చేసిన తప్పే. ఆయన మొహం ఎర్రబడింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. కాయలు మళ్ళీ సర్దింది. "ఫరవాలేదండి అయ్యగారండీ. తొందరేం లేదండి. మళ్ళీ మొదట్నించి చూద్దామండి" అంది.

ఆయన దాని మొహంలోకి చూసేరు. "ఇంత ఓపిగ్గా నేర్పడం ఎవరు నేర్పేరమ్మా నీకు?"

"మా మాస్టారేనండి" అంది.

అందరూ నా వంక మెచ్చుకోలుగా చూసేరు. నేను ఉత్తరీయం భుజం మీద సర్దుకుంటూ నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ పంతులుద్యోగంలో ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా ఏ పిల్లకీ చెప్పినవాణ్ణి కాదు నేను. దానికి అసలే చెప్పలేదు. ఆ ఓపిక ఆ పిల్లకి తాడు పేనే తల్లి దగ్గర వచ్చిందేమో. నా దగ్గర మాత్రం రాలేదు. అయినా కాదనడానికి నోరు రాలేదు నాకు.

సోమవారం బడిలో ఎక్కాలు మొదలుపెట్టేను. ఆ పిల్ల వంతొచ్చింది. లేచింది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు... ఏడు ఎనిమిదుల దగ్గర ఎప్పట్లాగే ఆగిపోయింది. నా చేతిలో సుద్దముక్క ఉంది. క్లాసంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది. గొంతు దాకా వచ్చిన మాటని మింగేను.

"ఫరవాలేదమ్మా" అన్నాను. "తొందరేం లేదు. మళ్ళీ మొదట్నించి చూద్దాం."

పిల్లలంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం అనుమానంగా చూసి, "ఆయ్" అంది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. నేను మళ్ళీ అదే మాట అన్నాను. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏడు ఎనిమిదులు యాభై ఆరండి."

సుద్దముక్క పక్కన పెట్టేసి, తరవాతిది చెప్పమన్నాను.